జోజి మీకోసం ఎదురుచూస్తున్నాడు

మా నాన్న ఆశీర్వాదం సమాధి రాళ్ళు చెక్కేవాడు. నాచారంలో సమాధుల తోట గోడను ఆనుకునే మా రేకుల షెడ్డు. నాకు పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో మా అమ్మ లూర్దమ్మ మాత్రం ‘మాది గ్రానైట్ బిజినెస్’ అని చెప్పేది. అందులో అబద్ధమేం లేదు. వచ్చినవాళ్ళు షెడ్డు చూసి మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచిపోతే అది మా తప్పా?

నేను మొదట్లో ఆ షెడ్డు ఛాయలకు పోలేదు. డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చుకుని, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్లాస్టిక్ బకెట్ల కంపెనీలో స్టోర్స్ చూసేవాణ్ణి. 2009లో ఆ కంపెనీకి తాళం పడింది. నాలుగు నెలలు చెప్పులరిగేలా తిరిగాను. చివరికి ఏడుపు మొహంతోనే నాన్న దగ్గర చేరాను.

నాన్న పనికి వంక పెట్టేవాడు లేడు. వ్యాపారం మాత్రం ఆయనకు ఒంటబట్టలేదు. రాయి నిలబెట్టగానే ఆ ఇంటివాళ్ళను మర్చిపోయేవాడు. వాళ్ళూ అంతే అనుకోండి. నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ రోజు అందరూ వచ్చి సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళ ఆత్మలకోసం ప్రార్థన చేసుకుంటారు. కానీ తోటలో సగం సమాధుల దగ్గరికి ఆ రోజు కూడా ఎవరూ రారు. గడ్డి మోకాలి దాకా పెరిగిపోయి ఉంటుంది. ఇదంతా మనకు పనే కదా అనిపించింది. గడ్డి పీకడం, సున్నం వెయ్యడం, అక్షరాలకు మళ్ళీ రంగు దిద్దడం, పండుగనాడు వాళ్ళ తరఫున పూలూ కొవ్వొత్తులూ పెట్టి ఫొటో పంపడం. అప్పటినుంచి రాయి చేయించుకునే ప్రతి ఒక్కరిచేతా ఆర్డరు పుస్తకంలో మెయిల్ ఐడీ రాయించడం మొదలుపెట్టాను.

ఆ మెయిళ్ళు ఎలా పంపాలో నేర్చుకోవడానికి తార్నాకలో రెండు రోజుల క్లాసుకు వెళ్ళాను. చెప్పినాయన లక్ష్మీకాంత్ గారు, గుంటూరు వైపు మనిషి. ఉక్కపోతలో కూడా టై కట్టుకుని వచ్చాడు.

“కస్టమరనేవాడు మర్చిపోయే జాతండీ. వారానికోసారైనా అతని ఇన్‌బాక్సులో కనబడలేదా, మీరు లేనట్టే లెక్క. ఇంకో మాట. సబ్జెక్టులో పేరు పెట్టండి. పేరు చూస్తే ఎంత పనిలో ఉన్నవాడైనా ఆగుతాడు.”

నేను చెయ్యెత్తాను. “సార్, మా బిజినెస్‌ల ఎవరి పేరు పెట్టాలె?”

ఏం వ్యాపారమని అడిగితే చెప్పాను. ఆయన కాసేపు టై సర్దుకున్నాడు. “అయితే పోయినవాళ్ళ పేరే పెట్టండి. అంతకన్నా ఆపే పేరు ఇంకేముంటుంది?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను.

అలా తయారైంది నా మెయిల్. ‘ఫలానావారు మీకోసం ఎదురుచూస్తున్నారు’ అని సబ్జెక్టు. తెరవగానే వాళ్ళ సమాధి ఫొటో. దాని కింద నాలుగు మాటలు, మా రేట్లు, నా ఫోన్ నంబరు. మాటలన్నీ అందరికీ ఒక్కటే. పేరు, ఫొటో మాత్రం లిస్టులోనుంచి తీసుకుని కంప్యూటరే నింపుకుంటుంది. మొదట నెలకోసారి పంపాను. తర్వాత పదిహేను రోజులకు. ఆ తర్వాత ప్రతి శనివారం.

ఆర్డర్లు రావడం మొదలైంది. పూణే నుంచి, షార్జా నుంచి, ఆఖరికి పక్కనున్న ఉప్పల్ నుంచి కూడా. ఉప్పల్ వాళ్ళు బస్సెక్కితే పావుగంటలో వచ్చి గడ్డి వాళ్ళే పీక్కోవచ్చు. కానీ సిగ్గుపడ్డ మనిషి బేరమాడడు, వెంటనే ఆర్డరిస్తాడు. ఈ సంగతి క్లాసులో చెప్పలేదు, నేనే కనిపెట్టాను. కనిపెట్టినందుకు ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కంపరం పుడుతుంది.

మల్కాజిగిరి నుంచి ఒకాయన ‘సచ్చినోళ్ళను గూడ వదలరా మీరు’ అని జవాబు రాశాడు. అది నాన్నకు చదివి వినిపించి నవ్వాను. నాన్న నవ్వలేదు.

“సమాధికి ఏడాదికోసారి సున్నమేస్తరు. నువ్వు వారానికోసారి గీకుతున్నవ్ రా,” అన్నాడు.

“గీకితెనే గదా నాయినా మనకు పని.”

ఆయన ఉలి తీసుకుని అవతలికి తిరిగి కూర్చున్నాడు.

2011 జూన్‌లో మరియక్క షెడ్డుకు వచ్చింది. మేడిపల్లిలో ఉంటుంది, మల్కాజిగిరిలో ఒక స్కూలు ఆఫీసులో క్లర్కు. ముప్పై నాలుగేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. అంతకు ముందు ఏడాది వాళ్ళ తమ్ముడు జోజికి మేమే రాయి చేసిచ్చాం. ఏసీ మెకానిక్కు. 2009 ఫిబ్రవరిలో, ఇరవై ఆరేళ్ళకే ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర లారీ కింద పడి పోయాడు. రాయిలో చిన్న పలక మీద అతని ఫొటో కూడా పెట్టించింది. చాలా నవ్వు మొహం కుర్రాడు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. “తమ్ముడూ, నీ కాల్మొక్కుత. నాకు ఆ మెయిళ్ళు పంపకు,” అంది.

“ఏమైందక్కా?”

అప్పుడు చెప్పింది. జోజి పోయిననాటికి వాళ్ళమ్మ సాలమ్మ దవాఖానలో ఉంది. గుండె ఆపరేషనై ఐదు రోజులు. ఈ మాట చెవిన పడితే తట్టుకోలేదని డాక్టరు అన్నాడు. జోజికి ఓడ మీద ఉద్యోగం దొరికిందని, ఉన్నపళంగా ఎక్కాల్సొచ్చిందని తల్లికి చెప్పారు. నడి సముద్రంలో ఫోను కలవదు, మెయిలొక్కటే వస్తుంది.

“ఆర్నెల్లు ఆగుమన్నడు డాక్టరు. ఆర్నెల్లయినంక చెప్దామంటె నాకు నోరు రాలే. ఇగ అప్పటిసంది నేనే వాని లెక్క రాస్తున్న. శుక్రవారం ఆఫీసుల కూసొని రాసి నా మెయిల్‌కే పంపుకుంట. శనివారం సాయంత్రం ఇంట్ల కంప్యూటర్ తెరిచి అమ్మకు సదివి వినిపిస్త. ఆ దినం ఆమె పొద్దుగాలనే తలకు పోసుకోని కూసుంటది తమ్ముడూ.”

“ఏమని రాస్తవక్కా?”

“ఏముంటది. అన్నం తిన్ననని. ఎండ మస్తుగ ఉన్నదని. ఒకపారి చాపల పులుసు వండిన, ఉప్పెక్కువైంది అని రాసిన. నెల రోజులు నవ్వుకుంది ముసల్ది.” ఆమె కూడా నవ్వబోయి ఆగింది. “మొన్న శనివారం నువ్వు పంపింది గూడ అండ్లనే వచ్చింది. అమ్మ నా పక్కపొంటే ఉంది. సదువు రాదుగని వాని ఫొటో అయితె పడ్తది గదా. కొంగు అడ్డం పెట్టిన. ప్రతిపారి పెట్టగల్గుతనా?”

నాకు చాలా బాధేసింది. నిజంగానే వేసింది. ఆమె చూస్తుండగానే లిస్టు తెరిచి ఆ వరుస తీసేశాను. “ఇగ రాదక్కా. ఫికర్ జెయ్యకు,” అన్నాను.

“అమ్మ వానికి పిల్లను సూస్తున్నది,” అంది వెళ్ళబోతూ. “కాంట్రాక్టు మూడేండ్లని చెప్పిన. వచ్చే ఫిబ్రవరికి అయిపోతది. అప్పుడేం చెప్పాల్నో ఆ దేవునికే తెల్వాలె.”

సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. షెడ్డుకు మనిషి రావడం లేదు, రాళ్ళు తెచ్చే లారీ రావడం లేదు. పండుగ చూస్తే నెల రోజుల్లోకి వచ్చేసింది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. మా ఆర్డరు పుస్తకంలో ఉండి మెయిల్ లిస్టులో లేనివాళ్ళు ఇంకా ఎంతోమంది ఉంటారు కదా, వాళ్ళందరినీ ఎక్కించాలి అని.

మా నాన్న పుస్తకం పద్ధతి వేరు. అందులో చేయించుకున్నవాళ్ళ పేరు ఉండదు. ఇన్నాసమ్మ రాయి, అంతోని రాయి, జోజి రాయి, అంతే. ఆయన లెక్కలో ఆర్డరు పోయినవాళ్ళది, బతికున్నవాళ్ళు దాన్ని చేయించి తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు. నేను ఒక్కో పేరూ లిస్టులో వెతికి, లేకపోతే కింద మెయిల్ ఐడీ చూసి ఎక్కిస్తూ పోయాను. జోజి పేరు లిస్టులో లేదు. ఎందుకు లేదో ఒక్క క్షణం ఆగి ఆలోచించినా సరిపోయేది. నేను ఆగలేదు. నా వేళ్ళతోనే కొట్టాను, జో, జి. ఫొటో కూడా వెతికి పెట్టాను. లిస్టు నాలుగు వందల పన్నెండుకు చేరిందని అమ్మతో గొప్పగా చెప్పుకుని టీ తాగాను.

ఆ శనివారం మధ్యాహ్నం మూడింటికి మెయిళ్ళు వెళ్ళాయి. ఐదున్నరకు ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి.

“ఏమండీ, ఈ మెయిల్ పంపింది మీరేనాండీ? కింద ఈ నంబరే ఉంది. నా పేరు బిందుమాధవి. మేడిపల్లిలో సాలమ్మగారింటి పై వాటాలో ఈ మధ్యే దిగాం.”

“చెప్పండి,” అన్నాను.

“వాళ్ళమ్మాయి ఇంకా రాలేదండీ. బస్సుల్లేవు కదా, నడుచుకుంటూ వస్తోంది కాబోలు. పెద్దావిడ ఉండబట్టలేక, మావాడి ఉత్తరం ఒచ్చుంటది జర సదివిపెట్టు బిడ్డా అని నన్ను పిలిచింది. తెరిచాను. పైనే అబ్బాయి పేరుతో కనబడింది, జోజి మీకోసం ఎదురుచూస్తున్నాడు అని. గట్టిగా చదివానండీ. ఆవిడ ఎంత సంబరపడిందో! లోపల కూడా చూపించమంది. నేను నొక్కాను.” ఆవిడ గొంతు తగ్గించింది. “ఆ ఫొటో ఏమిటండీ? ఇది నిజమేనా? నాకు వాళ్ళ సంగతులేమీ తెలియవండీ. ఆవిడ ఏడవట్లేదు, మాట్లాడట్లేదు, ఆ తెర ముందునుంచి కదలట్లేదు.”

నిజమేనని చెప్పాను. ఫోను పెట్టేసి మరియక్కకు చేశాను. ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో కోసం నిలబడి ఉంది. చుట్టూ జై తెలంగాణ నినాదాలు. రెండుసార్లు అరిచి చెప్పాల్సొచ్చింది. మూడోసారి చెప్పాల్సిన పని లేకుండా అటునుంచి ఒక్క మాట వినబడింది, “అమ్మా” అని. అంతే, ఫోను ఆగిపోయింది.

మర్నాడు ఆదివారం, చర్చిలో పూజ వేళకు ముందే ఆటోలో వచ్చారు. ఆటోను గేటు దగ్గరే ఆపి ఉంచారు. సాలమ్మ ముందు నడిచింది. బక్కపలుచని మనిషి, చేతిలో గుడ్డసంచి. మరియక్క నాలుగడుగుల వెనక వస్తోంది. చెయ్యి పట్టుకోబోతే ఆ ముసలావిడ విదిలించుకుంది. నాన్న తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, ముందు నడిచి మూడో వరుసలో రాయి చూపించాడు.

ఆమె రాయి పక్కన కూలబడింది. ఫొటో మీద దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత తలెత్తి అడిగింది.

“ఆ మెయిల్ పంపింది ఎవరు?”

దాక్కోవాలనిపించింది. నాన్న నా వైపు చూస్తున్నాడు. “నేనేనమ్మా,” అని దగ్గరికి పోయాను. కొట్టినా బాగుండు అనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

“నీ కడుపు సల్లగుండ బిడ్డా. అందరు దాసిన్రు. నువ్వొక్కనివే నాకు నిజం జెప్పినవ్.”

చేతులు వెనక్కి తీసుకోబోయాను, వదల్లేదు.

“రెండున్నరేండ్లు,” అంది. “వానికి ఎండ తగలొద్దని, ఓడ మునగొద్దని దినాం జపమాల జెప్పిన. సచ్చిపోయినోనికి ఎండేంది, ఓడేంది? వాని ఆత్మకు ఒక్క పూజ జెప్పియ్యలే. రెండు పండుగలు పోయినయి, తల్లినయి ఉండి ఒక్క కొవ్వొత్తి ముట్టియ్యలే. అందరి తల్లులు వచ్చిన్రు. నా కొడుక్కు తల్లి లేదనుకున్నరేమో ఈడ.” సమాధి మీద చెయ్యి వేసి నిమిరింది. “నాకోసం సూస్తున్నడని నువ్వు రాయకపోతే నాకు తెల్వకనే పోవు. ఎట్ల తెల్సింది బిడ్డా నీకు, వాడు నాకోసం సూస్తున్నడని?”

వెనకాల మరియక్క నిలబడి ఉంది. రెండున్నరేళ్ళు ప్రతి శుక్రవారం కూర్చుని, చచ్చిపోయిన తమ్ముడికి ఆకలి వేయించి, పులుసులో ఉప్పు ఎక్కువ వేయించి, తల్లిని బతికించుకున్న మనిషి. ఆమె అబద్ధాలకోరు అయింది. రేట్లు కింద పెట్టి గంపగుత్తగా మెయిళ్ళు కొట్టిన నేను నిజం చెప్పినవాణ్ణయ్యాను. ఇంత అన్యాయాన్ని నోరు మూసుకుని చేతుల్లో పెట్టుకోవడం నావల్ల కాలేదు.

“అమ్మా, నేను మీకోసం రాసింది కాదమ్మా అది,” అన్నాను. “అక్క జూన్‌లనే వచ్చి పంపొద్దని బతిమాలింది. నేనే మర్చిపోయి పంపిన. అది బిజినెస్ మెయిలమ్మా. అందరికి అదే పోతది. నాలుగొందల మందికి పోయింది.”

నిజం చెప్పేశాను, ఇప్పుడైనా కూతురి వైపు చూస్తుందనుకున్నాను. చూసింది కూడా. మెల్లగా తల తిప్పి చూసింది.

“నాలుగొందల మందికా?”

“అవునమ్మా.”

“నాలుగొందల మందికి తెలుసు, మరియా,” అంది. గొంతు పెంచలేదు. “నా కొడుకు సచ్చిపోయిండని ఊర్ల నాలుగొందల మందికి తెలుసు. కన్నతల్లికి తెల్వదు.”

“అట్ల కాదమ్మా,” అని నేను మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాను. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు వెళ్తుందని, కంప్యూటరే నింపుతుందని, జోజి పేరు వాళ్ళింటికి తప్ప ఎక్కడికీ పోలేదని చెప్పాను. రెండు రకాలుగా చెప్పాను. ఆమె వినడం మానేసింది. మరియక్క నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“ఇడిసిపెట్టు తమ్ముడూ,” అంది. ఆమె మొహంలో నా మీద కోపం లేదు. ఉండి ఉంటే నేను కాస్త తేలికపడేవాణ్ణి.

సాలమ్మ ఎండెక్కేదాకా అక్కడే కూర్చుంది. నాన్న చెంబుతో నీళ్ళు తెచ్చి ఇస్తే సగం తాగి, మిగిలిన సగంతో రాయి మీది ఫొటో కడిగింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని లేచి గేటు దాకా నడిచింది. మరియక్క ముందుకెళ్ళి ఆటో దగ్గర నిలబడింది, తల్లిని ఎక్కించి పక్కన కూర్చుందామని. ఆమె ఎక్కి తన గుడ్డసంచి తీసి పక్క సీటు మీద పెట్టుకుంది. మరియక్క ఒక నిమిషం ఆ సంచి వైపు చూసి, చుట్టూ తిరిగి వెళ్ళి డ్రైవరు పక్కన కూర్చుంది.